లూయిస్ కంపానీస్

ఐరోపాఖండమునకు నైరృతి మూలను స్పెయిన్ దేశము కలదు. ఆ దేశమునకు ఈశాన్యభాగమున, ఉత్తరమున పిరనీసు పర్వతములును తూర్పున మధ్యధరా సముద్రమును హద్దులుగా గల ప్రాంతమునకు కాటలోనియా యని పేరు. దాని వైశాల్యము సుమారు 32,000 చదరపు కిలోమీటర్లు. బార్సిలోనా దాని ముఖ్యపట్టణము. అచ్చటి ప్రజల భాష కాటలాను. అది స్పానిషు భాషకు సోదరివంటిదే కాని దాని మాండలికము కాదు. దానికి వేరు వ్యాకరణమును, శతాబ్దముల నాటి సాహిత్యమును కలవు. కొండవాలులందు ద్రాక్షతోటలు, మైదానములందు గోధుమచేలు, పట్టణములందు నూలుమిల్లులు ఆ సీమకు సిరులు.

పూర్వకాలమున కాటలానులకు తమ సొంత శాసనములును, శాసనసభయు, జనరలిటాట్ అను పాలకమండలియు నుండెను. 1714వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన బార్సిలోనా నగరము స్పెయిన్ రాజు సేనలకు లోబడెను. పిమ్మట రాజు ఆ సంస్థలన్నిటిని రద్దుచేసెను. ప్రభుత్వ కార్యములందు కాటలాను భాషకు చోటు లేకపోయెను. అయినను ప్రజలు తమ భాషను ఇండ్లలోను పొలములలోను నిలుపుకొనిరి. రెండు వందల యేండ్లు గడచిన తరువాత ఆ సంస్థలను మరల నిలబెట్టినవారిలో నొకడును, వానికొఱకు ప్రాణము లర్పించినవాడును లూయిస్ కంపానీస్.

కంపానీస్ 1882వ సంవత్సరము జూను 21వ తేదీన ఎల్ తారోస్ అను చిన్న పల్లెయందు జన్మించెను. ఆ పల్లె లెరిదా పట్టణప్రాంతమున నున్నది. తండ్రి జోసెప్ పొలముపుట్ర గల రైతు. తల్లి మరియా లూయిసా ఉన్నతవంశమునకు చెందిన స్త్రీ. వారికి కలిగిన పదిమంది సంతానములో లూయిస్ రెండవవాడు. ఇంట తినుటకు కట్టుటకు లోటు లేకపోయినను, చుట్టుప్రక్కల కూలివాండ్రయు కౌలురైతులయు బ్రతుకులెట్టివో ఆ బాలుడు దినదినము కన్నులార చూచుచుండెను.

తల్లిదండ్రు లాతనిని చదువుకొఱకు బార్సిలోనాకు పంపిరి. అచ్చట పాఠశాలవిద్య ముగించి, విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. ఆ దినములలో ఫ్రాన్సెస్క్ లైరెట్ అను సహాధ్యాయితో ఆతనికి గాఢమైన స్నేహము కుదిరెను. లైరెట్ బాల్యమున వ్యాధివలన కాళ్లు చచ్చుబడి ఊతకఱ్ఱల సాయముతో నడచువాడు. దేహము దుర్బలమైనను ఆతని బుద్ధియు ధైర్యమును బలమైనవి. రాజు లేని ప్రజాప్రభుత్వము రావలెననియు, పేదవానికిని ధనికునికిని న్యాయమొక్కటే కావలెననియు మిత్రు లిరువురును కోరుచుండిరి. విద్యార్థులను కూడగట్టి సంఘములు స్థాపించిరి, పత్రికలకు వ్యాసములు వ్రాసిరి, సభలలో నుపన్యసించిరి. ఆ కారణమున కంపానీస్ పలుమార్లు చెఱసాలకు పోవలసివచ్చెను.

బార్సిలోనా ఆ కాలమున స్పెయిన్ దేశమున కెల్ల పెద్ద మిల్లుల నగరము. వేలకొలది స్త్రీపురుషులు యంత్రములయొద్ద తెల్లవారినది మొదలు చీకటిపడువఱకు పాటుపడుచుండిరి. కూలి తక్కువ, గదులు ఇరుకు. కార్మికులు సంఘములుగా చేరి సమ్మెలు చేసినచో యజమానులు వారిని తొలగించుచుండిరి, పోలీసులు పట్టుకొనుచుండిరి. అట్టివారి పక్షమున న్యాయస్థానములో వాదించు వకీళ్లు కొలదిమంది మాత్రమే యుండిరి. కంపానీసును లైరెట్టును వారిలో ముఖ్యులు. ఫీజు ఇచ్చుకొనలేనివారి వ్యాజ్యములను సయితము వారు చేపట్టుచుండిరి. 1917లో కంపానీస్ బార్సిలోనా పురపాలకసంఘమునకు సభ్యుడుగా ఎన్నికయ్యెను.

1920వ సంవత్సరాంతమున నగరమందు కలహములు ముదిరెను. కార్మికనాయకులను చంపుటకు కిరాయి హంతకులు వీధులలో తిరుగుచుండిరి. కార్మికులలో కొందఱు ప్రతీకారముగా తుపాకులు పట్టిరి. నవంబరు 30వ తేదీన ప్రభుత్వము కంపానీసును, సాల్వదోర్ సెగీ అను కార్మికనాయకుని, మఱికొందఱిని ఓడలో నెక్కించి మినోర్కా ద్వీపమునందలి కోటకు పంపివేసెను. ఈ వార్త విని కంపానీసు భార్య లైరెట్టు సాయము కోరెను. మిత్రుని విడిపించు ప్రయత్నము చేయుటకై లైరెట్ ఊతకఱ్ఱల మీద ఇల్లు వెడలెను. వాకిట నుండగనే హంతకు లాతనిపై తుపాకులు కాల్చిరి. ఆ వీరుడు ఆనాడే ప్రాణములు విడిచెను.

మిత్రుని మరణవార్త కంపానీసునకు ద్వీపకారాగారమున తెలిసెను. తనకొఱకు బయలుదేరినవాడు తనకొఱకే మరణించెను. ఆ ఋణమును తీర్చు మార్గ మొక్కటే: లైరెట్ విడిచిన పనిని తాను చేయుట. సబదెల్ పట్టణపు ఓటర్లు లైరెట్ స్థానమున కంపానీసును పార్లమెంటుకు పంపిరి. పార్లమెంటు సభ్యుని విచారణ లేక నిర్బంధించుట చట్టవిరుద్ధము కావున ప్రభుత్వమాతనిని విడిచిపెట్టవలసివచ్చెను.

పట్టణపు కార్మికుల తరువాత ఆతని దృష్టి పల్లెలయందలి ద్రాక్షరైతుల మీదికి మరలెను. కాటలోనియాలో రబస్సా మోర్తా అను పాతకాలపు కౌలుపద్ధతి యొకటి యుండెను. చచ్చిన ద్రాక్షమోడు అని ఆ మాటకు అర్థము. భూస్వామి బీడునేలను రైతున కిచ్చును. రైతు దానిని బాగుచేసి, ద్రాక్షతీగలు నాటి, పంటలో భాగమును భూస్వామికి చెల్లించును. మొదట నాటిన మోళ్లలో మూడింట రెండువంతులు చచ్చువఱకు ఆ నేల రైతు చేతిలో నుండును. పిమ్మట భూస్వామికి తిరిగిపోవును. పూర్వపు తీగలు అరువదియేండ్లు, అంతకంటె నెక్కువ కాలమును బ్రతికెడివి. కావున తండ్రి నాటిన తోట కొడుకునకు సంక్రమించుచుండెను.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఫిలాక్సెరా అను సూక్ష్మమైన పురుగు అమెరికానుండి ఐరోపాకు వచ్చి ద్రాక్షవేళ్లను తొలిచివేసెను. 1879లో అది కాటలోనియాను చేరి, క్రమముగా తోటలను నాశనము చేసెను. అమెరికా జాతి మోళ్లకు ఆ పురుగును తట్టుకొను శక్తి కలదు. రైతులు అప్పులు చేసి ఆ మోళ్లను తెచ్చి, వానికి తమ దేశపు తీగలను అంటుకట్టి, తోటలను మరల నిలిపిరి. అయితే ఆ క్రొత్త మోళ్లు పాతవానివలె దీర్ఘకాలము బ్రతుకవు. అందుచే కౌలుగడువు సగమునకు తగ్గిపోయెను. రైతు ఖర్చు పెరిగెను, హక్కు తరిగెను. తాను చెమటోడ్చి పెంచిన తోట తన యెదుటనే పరులపాలగుచుండగా రైతు చేయునది లేక నిలిచి చూచుచుండెను.

1922లో కంపానీస్ ఈ రైతులను సమీకరించి రబసైరుల సంఘమును స్థాపించెను. ఊరూరికి తిరిగి ద్రాక్షపిండు కొట్టములలోను, ఊరి మైదానములలోను సభలు జరిపెను. వారికొఱకు పత్రిక నడపెను. కౌలుపత్రములు చదివి వానిలోని మెలికలను విప్పి చెప్పెను. చదువురాని రైతు సయితము తన హక్కేదో, తన బాధ్యత యేదో తెలిసికొనవలెనని ఆతని పట్టుదల. 1923లో సేనాని ప్రీమో ద రివేరా నియంతయై కాటలాను భాషాసంస్థలను అణచివేసినపుడు కంపానీసు పని కష్టతరమయ్యెను, కాని ఆగిపోలేదు.

1930లో నియంత పదవి వీడెను. 1931 మార్చి నెలలో కాటలోనియాయందలి ప్రజాప్రభుత్వవాదులు కలసి ఎస్కెర్రా రిపబ్లికానా అను పక్షమును స్థాపించిరి. వృద్ధుడైన ఫ్రాన్సెస్క్ మసియా దానికి నాయకుడు. ఏప్రిలు 12వ తేదీన పురపాలక ఎన్నికలు జరుగగా ఆ పక్షము ఎవరును ఊహింపని విజయమును పొందెను. 14వ తేదీ మధ్యాహ్నము కంపానీస్ బార్సిలోనా పురమందిరమునకు పోయి, పై వసారానుండి ప్రజాప్రభుత్వ పతాకమును చూపి, రాచరికము పోయినదని ప్రకటించెను. ఒక్క తుపాకియు ప్రేలలేదు. ఆ రాత్రియే రాజు దేశము విడిచెను. రెండు శతాబ్దములకు పైగా మూతపడియున్న జనరలిటాట్ మరల నెలకొనెను. మసియా దానికి అధ్యక్షుడయ్యెను.

అటు పిమ్మట కంపానీసునకు పదవి వెంట పదవి వచ్చెను. బార్సిలోనా గవర్నరుగను, స్పెయిన్ పార్లమెంటులో కాటలాను సభ్యులకు నాయకుడుగను, 1932 డిసెంబరులో కాటలోనియా శాసనసభాధ్యక్షుడుగను, 1933లో స్పెయిన్ నౌకాదళమంత్రిగను పనిచేసెను. హ్యూమనిటాట్ అను దినపత్రికను స్థాపించినవాడు నాతడే. 1933 డిసెంబరు 25వ తేదీన మసియా మరణింపగా, శాసనసభవారు కంపానీసును జనరలిటాట్ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి.

అధ్యక్షుడైన వెంటనే ఆతడు చేసిన ముఖ్యకార్యము ద్రాక్షరైతులకు చేసిన పాతవాగ్దానమును నెరవేర్చుట. 1934లో శాసనసభ కౌలుచట్టమును ఆమోదించెను. కౌలుగడువు ఆరు సంవత్సరములకు తక్కువ కారాదనియు, పదునెనిమిది సంవత్సరములు సాగుచేసిన రైతు ఆ నేలను వెలయిచ్చి కొనవచ్చుననియు ఆ చట్టము చెప్పెను. భూస్వాములు దీనిని సహింపలేక మాడ్రిడ్ ప్రభుత్వము నాశ్రయించిరి. జూను 8వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము, ఇట్టి చట్టమును చేయు అధికారము కాటలోనియాకు లేదని కొట్టివేసెను. శాసనసభ కొలదిదినములలోనే ఆ చట్టమును తిరిగి ఆమోదించెను. ఇట్లు బార్సిలోనాకును మాడ్రిడ్‌కును మధ్య వైరము పెరిగెను.

ఆ యేడు అక్టోబరు నెలలో ప్రజాప్రభుత్వమునందు విశ్వాసము లేనివారని పలువురు భావించిన పక్షమువారు ముగ్గురు మాడ్రిడ్ మంత్రివర్గమున చేరిరి. దేశమంతట సమ్మెలు చెలరేగెను. అక్టోబరు 6వ తేదీ రాత్రి కంపానీస్ స్పెయిన్ సమాఖ్యలో కాటలాను రాజ్యము ఏర్పడినదని ప్రకటించెను. ఇది చట్టము నతిక్రమించిన పని. ఆతని మిత్రులలో సయితము కొందఱు దానిని తొందరపాటని తలంచిరి. తగిన బలము లేదు. ముందుగా ఏర్పాట్లు లేవు. కాటలోనియాలోని సేనానాయకుడగు బాటెట్ రక్తపాతము నధికము కానీయక ఓర్పుతో నగరమును ముట్టడించెను. మఱునాటి తెల్లవారుజామున కంపానీస్ లొంగిపోయెను. ఆ రాత్రి పలువురు మరణించిరి. పట్టువడిన ప్రభుత్వ సభ్యులను ఓడలో నిర్బంధించిరి. విచారణలో కంపానీస్ జరిగినదానికి బాధ్యత తనదేనని యొప్పుకొనెను. 1935 జూను నెలలో ఆతనికి ముప్పది సంవత్సరముల కారాగారశిక్ష పడెను. దక్షిణమున కడిజ్ ప్రాంతమునందలి చెఱసాలకు ఆతనిని పంపిరి.

1936 ఫిబ్రవరి ఎన్నికలలో వామపక్షకూటమి గెలిచి ఖైదీలను విడిచిపెట్టెను. కంపానీస్ బార్సిలోనాకు తిరిగి వచ్చిన దినమున లక్షలాది జనులు వీధులలో నిలిచి స్వాగతమిచ్చిరి. ఆతడు మరల అధ్యక్షుడయ్యెను. కాని శాంతి ఐదు నెలలు మాత్రమే నిలిచెను.

1936 జూలై నెలలో సేనాని ఫ్రాంకోయు ఇతర సేనానులును ప్రజాప్రభుత్వముపై తిరుగుబాటు చేసిరి. 19వ తేదీన బార్సిలోనా వీధులలో ఘోరయుద్ధము జరిగెను. ప్రభుత్వమునకు విధేయులైన పోలీసులును, ఆయుధములు పట్టిన కార్మికులును కలసి తిరుగుబాటును అణచిరి. పట్టువడిన సేనాని గొడెడ్‌ను కంపానీస్ రేడియోలో మాటలాడించి, తక్కిన తిరుగుబాటుదారులు ఆయుధములు దించునట్లు చేసెను.

విజయముతోపాటు విపత్తును వచ్చెను. ఆయుధములిప్పుడు వీధిలోని గుంపుల చేతిలో నుండెను. అవి ప్రభుత్వాజ్ఞను పాటింపలేదు. దేవాలయములను తగులబెట్టిరి. మతగురువులను, ధనికులను, ఎదుటిపక్షమువారిని విచారణ లేక చంపిరి. యుద్ధకాలమున కాటలోనియాలో ఇట్లు మరణించినవారు ఎనిమిది వేలకు పైబడిరి. కంపానీస్ పదవి విడిచినచో ఉన్న కొలది అడ్డును తొలగునని తలంచి నిలిచెను. ఆతని ప్రభుత్వము వేలకొలది జనులకు అనుమతిపత్రములిచ్చి ఓడలలో విదేశములకు పంపి ప్రాణములు కాపాడెను. తరగోనా ధర్మాధ్యక్షుడగు విదాల్ ఇ బరకెర్ అట్లు బ్రతికినవారిలో నొకడు. అయినను జరిగిన హత్యల నాపలేకపోయిన భారము ఆతని పాలనపై పడెను. చరిత్రకారులు నేటికిని ఆ విషయమున భిన్నాభిప్రాయులై యున్నారు.

యుద్ధము దాదాపు మూడు సంవత్సరములు సాగెను. హిట్లరును ముస్సోలినీయు ఫ్రాంకోకు విమానములను సైనికులను పంపిరి. 1938 మార్చి 16వ తేదీ మొదలు 18వ తేదీవఱకు ఇటలీ విమానములు బార్సిలోనాపై ఎడతెగక బాంబులు వేయగా ఇంచుమించు వేయిమంది చనిపోయిరి. ఆ యేడు జూను నెలలో మన జవహర్‌లాల్ నెహ్రూ వి. కె. కృష్ణమీనన్‌తో కలసి బార్సిలోనాకు పోయి, ఆ ప్రజల కష్టములను కన్నులార చూచి, భారతీయుల సానుభూతిని తెలిపెను. కాని సానుభూతి ఫిరంగుల నాపజాలదు. 1939 జనవరి 26వ తేదీన ఫ్రాంకో సేనలు బార్సిలోనాలో ప్రవేశించెను.

అప్పుడు సాగిన వలస ఐరోపా మఱవరానిది. నాలుగున్నర లక్షలకు పైగా జనులు చలికాలపు మంచులో పిరనీసు కనుమలు దాటి ఫ్రాన్సు చేరిరి. తల్లులు పసిబిడ్డలను కొంగుల చాటున నుంచుకొని నడచిరి. గాయపడిన సైనికులు కఱ్ఱల నూతగొని నడచిరి. కొందఱు రచయితలు గ్రంథాలయపు మోటారుబండిలో సరిహద్దు చేరిరి. ఫిబ్రవరి 5వ తేదీన కంపానీసును, బాస్కు ప్రాంతపు అధ్యక్షుడగు అగీరేయు కాలినడకను కొండదారిని దాటిరి. ఒకప్పుడు పతాకము నెత్తి జనసముద్రమున నిలిచినవాడు నేడు పరదేశమున శరణార్థి.

ఫ్రాన్సులో శరణార్థులకు సుఖము లేకపోయెను. సముద్రతీరపు ఇసుకలో ముండ్లతీగల నడుమ వేలకొలది జనులను నిర్బంధించిరి. కంపానీస్ పారిస్‌లో నుండి వారి సహాయమునకై పాటుపడెను. భాష మరణించినచో జాతి మరణించునని ఆతని నమ్మకము. కావున పారిస్‌లో రామన్ లుల్ పేరిట సంస్థను స్థాపించి, నిలువనీడ లేని కాటలాను రచయితలకును పండితులకును ఆశ్రయము కల్పించుటకు తోడ్పడెను. స్వదేశమున ఆ భాషలో అచ్చు నిషిద్ధమైన కాలమున పరదేశమున దాని దీపము ఆరిపోలేదు.

మెక్సికో దేశము స్పెయిన్ శరణార్థులకు తలుపులు తెరచెను. సముద్రము దాటిపొమ్మని మిత్రులు కంపానీసును పలుమార్లు బ్రతిమాలిరి. ఆతడు పోలేదు. కారణము రాజకీయము కాదు, పుత్రప్రేమ. మొదటిభార్య వలన కలిగిన ఆతని కొడుకు, లూయిస్ అనుపేరు గలవాడే, చిన్నతనముననే మనోవ్యాధికి లోనయ్యెను. ఆతడు ఫ్రాన్సులో వైద్యాలయమున నుండెను. 1940 జూనులో జర్మనులు పారిస్‌పై దండెత్తగా వైద్యాలయమును ఖాళీచేసిరి. ఆ గందరగోళమున ఆ కొడుకు ఎటు పోయెనో తెలియలేదు. తన పేరు చెప్పుకొనుటకైన శక్తి చాలని బిడ్డను పరదేశమున విడిచి, తాను సురక్షితముగా ఓడ యెక్కుటకు తండ్రికి మనసు రాలేదు. రెండవభార్య కార్మెతో కలసి బ్రిటనీ తీరమునందలి లా బోల్ అను ఊర నిలిచి, కొడుకు జాడకై జాబులు వ్రాయుచు వేచియుండెను.

జాడ తెలియకముందే జర్మనులు వచ్చిరి. 1940 ఆగస్టు 13వ తేదీన వారు కంపానీసును పట్టుకొని పారిస్ చెఱసాలయందుంచి, ఆ నెలాఖరున సరిహద్దుయొద్ద ఫ్రాంకో పోలీసుల కప్పగించిరి. మాడ్రిడ్‌లో ఆతనిని ఒంటరిగదిలో నుంచి హింసించిరి. అక్టోబరు మొదట బార్సిలోనాకు తెచ్చి మొంజుయిక్ కొండమీది కోటలో బంధించిరి. ఆ కొండనుండి నగరమంతయు కనబడును.

అక్టోబరు 14వ తేదీన సైనికన్యాయస్థానము కూర్చుండెను. సైనిక తిరుగుబాటునకు తోడ్పడెనను నేరమాతనిపై మోపిరి. తిరుగుబాటు చేసినవారు న్యాయాధిపతుల పీఠముపై నుండిరి; ప్రజలెన్నుకొన్న ప్రభుత్వాధ్యక్షుడు తిరుగుబాటుదారుడను పేరుతో వారియెదుట నిలిచెను. విచారణ గంటసేపైనను సాగలేదు. ఆతని పక్షమున వాదించుటకు నియమించిన కాప్టెన్ కొలుబీ ఫ్రాంకో సేనకు చెందినవాడయ్యును భయపడక ధర్మబుద్ధితో వాదించెను. కాని తీర్పు ముందే నిశ్చయమై యుండెను. కంపానీస్ ప్రాణభిక్ష నడుగలేదు. తాను ఎవరికి ఏ యపకారము చేసియుండినను క్షమింపవేడెను. తనకు అపకారము చేసినవారిని తాను క్షమించెను. చెల్లెళ్లను కడసారి చూచెను. భార్యకును బిడ్డలకును జాబులు వ్రాసెను.

మఱునాడు, 1940 అక్టోబరు 15వ తేదీ, సూర్యోదయమునకు ముందే ఆతనిని కోటగోడ ప్రక్కనున్న కందకమునకు తీసికొనిపోయిరి. కన్నులకు గంత కట్టవలదని ఆతడు కోరెను. కాళ్లకు తొడిగినవి విప్పి, తన జన్మభూమి మన్ను పాదములకు తగులునట్లు నిలిచెనని చెప్పుదురు. తుపాకులు ప్రేలుచుండగా ఆతని నోట కాటలోనియా నామము వెలువడెను. అప్పటి కాతని వయస్సు ఏబదియెనిమిది సంవత్సరములు. ఏ కొడుకు కొఱకు ఆతడు ఫ్రాన్సు విడువక నిలిచెనో ఆ కొడుకు ఆ తరువాత కనబడి, మఱికొన్ని యేండ్లు జీవించి పరదేశముననే మరణించెను.

ఫ్రాంకో పాలన 1975వ సంవత్సరము నవంబరులో ఆతని మరణమువఱకు సాగెను. అంతవఱకు జనరలిటాట్ పరదేశమున పేరునకు మాత్రము నిలిచియుండెను. కంపానీసు తరువాత జోసెప్ ఇర్లాయు, పిమ్మట జోసెప్ తరదెయాసును దాని అధ్యక్షులైరి. 1977 అక్టోబరులో తరదెయాస్ బార్సిలోనాకు తిరిగి రాగా ఆ సంస్థకు మరల ప్రాణము వచ్చెను. మొంజుయిక్ కొండమీదనున్న ఒలింపిక్ క్రీడామైదానమునకు 2001లో కంపానీసు పేరు పెట్టిరి. 2018 డిసెంబరులో స్పెయిన్ మంత్రివర్గము ఆతని గౌరవమును పునరుద్ధరించుచు ప్రకటన చేసెను. 2022లో చేసిన చట్టము ఆనాటి సైనికన్యాయస్థానముల రాజకీయతీర్పులు చెల్లనేరవని నిర్ణయించెను. ఎనుబదిరెండు సంవత్సరముల పిమ్మట ధర్మము చట్టపుటములకెక్కెను.

కంపానీస్ దోషములు లేనివాడు కాడు. 1934లో తొందరపడెను, 1936లో అదుపు తప్పిన గుంపులను అరికట్టలేకపోయెను. కాని ఆతడు తన తప్పును పరులపై నెట్టలేదు. న్యాయస్థానమున నిలిచిన ప్రతిసారియు బాధ్యత తనదేయని పలికెను. అధికారమందున్నపుడు ద్రాక్షరైతును మఱవలేదు. అధికారము పోయినపుడు వ్యాధిగ్రస్తుడైన బిడ్డను విడువలేదు. నేలను ప్రేమించుటయనగా ఆ నేలపై పాటుపడు మనుష్యుని ప్రేమించుటయేయని ఆతని జీవితము తెలుపుచున్నది.